శ్రీ మేషసార్వభౌమ విజయము

కావ్యమన్నాక పద్ధెనిమిది వర్ణనలుండాలని మన లాక్షణికులు శాసించారు. పురం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం మొదలుపెట్టి జలక్రీడ, మధుపానం, విప్రలంభం, వివాహం, కుమారోదయం, యుద్ధం మీదుగా నాయకాభ్యుదయం దాకా. పాపం, ఆ వర్ణనలన్నీ తరతరాలుగా రాజుల కొలువుల్లోనే ఊడిగం చేశాయి. వాటికి కాస్త గాలి మార్పు కావాలని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. అందుకని వాటిని మూటగట్టి స్కాట్లండ్ దక్షిణపు సరిహద్దులో, సెల్‌కర్క్‌షైర్‌లో, ఎట్రిక్ లోయలో ఒక గొర్రెల కాపరి ఇంటికి పంపిస్తున్నాను. కాలం 1870ల నాటిది. సింహాసనం మీద విక్టోరియా మహారాణి ఉంది. ఆ ఇంట్లో మాత్రం ఆమె మాట చెల్లదు.

ఆ ఇల్లు ఏ ఒక్కరిదీ కాదు. ఆ లోయలో ఉండే అలాంటి ఇళ్ళన్నీ కుప్పచేసి ఒక్కటి కట్టాను. అందులో జరిగే పనులు మాత్రం నేను కట్టినవి కావు.

ముందు నాయకుడెవరో తేలాలి. ఇంటాయన ఆజానుబాహువు. చేతిలో హేజెల్ కర్ర, దాని కొసన పొట్టేలు కొమ్ముని కాచి వంచి చేసిన కొక్కెం, భుజాన నలుపూ తెలుపూ గళ్ళ కంబళి. చూడ్డానికి ధీరోదాత్తుడే. కాని కొండ ఆయనది కాదు. కొండ జమీందారుది, కౌలు ఇంకొకరిది, ఈయన కౌలుదారు దగ్గర జీతగాడు. జీతమైనా చాలావరకు డబ్బు కాదు: ఒక ఆవుకి మేత, ఏడాదికి సరిపడా ఓట్స్ పిండి, దుంపలు వేసుకోవడానికి కాస్త నేల, యజమాని మందలోనే తన సొంత గొర్రెలు కొన్ని డజన్లు కలిపి మేపుకునే హక్కు. ఆ సొంత గొర్రెల్ని అక్కడ ‘ప్యాక్’ అంటారు. వందల గొర్రెల్లో తనవి ఎక్కడెక్కడో కలిసిపోయి ఉంటాయి కాబట్టి కాపరి అన్నిటినీ తనవిగానే కాస్తాడు. ఈ ఉపాయం కనిపెట్టినవాడెవడో గాని, కౌటిల్యుడికి ఏకలవ్య శిష్యుడై ఉండాలి.

ఇల్లాలు? ఆమె అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకుంటుంది. ఆ లక్షణం నాయికది కాదు, పరిచారికది. కుక్క సంగతి తరవాత చెబుతాను. ఇక మిగిలింది గొర్రె. అది అర్ధరాత్రి అరిస్తే ఇల్లంతా లేస్తుంది. దానికి తడిస్తే ఇంట్లో అందరికీ జలుబు. దాని పురుడు వస్తే పిల్లల బడి బంద్. 1872 చట్టం అయిదు నుంచి పదమూడేళ్ళ దాకా ప్రతి పిల్లా పిల్లడూ చదువుకుని తీరాలన్నా సరే. ఇన్ని రాజలాంఛనాలు ఇంకెవరికున్నాయి? కనక నాయకుడు మేషసార్వభౌముడే. తక్కినవాళ్ళు పరివారం.

సూర్యచంద్ర వంశాల్లాగే అక్కడా రెండు వంశాలు. చీవియట్‌ది తెల్ల మొహం, మెత్తని ఉన్ని, పచ్చిక కొండల కాపురం. బ్లాక్‌ఫేస్‌ది నల్ల మొహం, మెలి తిరిగిన కొమ్ములు, చీపురు లాంటి ఉన్ని, హెదర్ పొదల మధ్య తపస్సు. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే ఆ లోయలో శైవ వైష్ణవ వాదం లేస్తుంది. నేను అడగను.

వీటి రాజ్యానికి కంచె లేదు. తల్లి ఏ పట్టున మేస్తే పిల్ల అక్కడే మేసి, ఆ వాగు, ఆ గుట్ట, ఆ గాలిచాటు మనసులో ముద్రేసుకుని జన్మంతా అక్కడే తిరుగుతుంది. దాని పిల్లకీ అదే నేర్పుతుంది. అందుకే కౌలుదారు మారినా మంద కొండనే అంటిపెట్టుకుని ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు దాన్ని కూడా కలిపి తీసుకోవలసిందే. రాజ్యాలు చేతులు మారినప్పుడు రాజులు మారడం చూశాం. రాజు అక్కడే ఉండి రాజ్యపాలకులు మారడం ఇక్కడే చూడాలి.

సార్వభౌముడన్నాక దిగ్విజయం ఉండాలిగా. ఉంది. అయితే అక్కడ నా హాస్యం నోరు మూసుకుంటుంది. పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో ఈ సరిహద్దు కొండల నుంచి చీవియట్ మందలు ఉత్తరాన హైలాండ్స్‌కి కదిలాయి, వాటి వెంట ఈ ప్రాంతపు కాపరులూ కదిలారు. మనుషులు కట్టే కౌలు కంటే గొర్రెల మీద వచ్చే కౌలు ఎక్కువని జమీందార్లు లెక్క తేల్చారు. 1792లో రాస్‌షైర్ జనం ఆ మందల్ని తమ నేల మీంచి తోలేయబోతే సైన్యాన్ని దింపారు. గేలిక్ మాట్లాడే జనం ఆ సంవత్సరాన్ని ‘గొర్రెల ఏడు’ అనే గుర్తుపెట్టుకున్నారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళకి నిప్పుపెట్టి జనాన్ని వెళ్ళగొట్టారు. అశ్వమేధంలో గుర్రం వెనక సైన్యం నడుస్తుంది. ఇక్కడ గొర్రెకి ముందే అమీను నడిచాడు.

సరే, పురవర్ణనకి వద్దాం. ఆ పురానికి గదులు రెండు. వెలుపలి గది ‘బట్’, లోపలి గది ‘బెన్’. మిద్దెలూ మేడలూ లేవు గాని, గోడకి బీరువాల్లా అమర్చిన పెట్టె మంచాలున్నాయి. తలుపులు మూసుకుంటే లోపల దంపతులూ, పసిబిడ్డా, ఇంకొక బిడ్డా ఎవరికంటా పడకుండా నిద్రపోవచ్చు. గోడకి గడియారం ఉంది. దానికి పెట్టె లేదు, లోలకం బట్టబయలుగా ఊగుతూ ఉంటుంది. దాన్ని చూస్తే కాలం నడుస్తున్నట్టు ఉండదు, కాలు ఊపుతూ కూర్చున్నట్టు ఉంటుంది. అల్మరాలో బైబిలు, ఎట్రిక్ చర్చిలోనే ఒకప్పుడు పాదిరీగా పనిచేసిన థామస్ బోస్టన్ మతగ్రంథం, బర్న్స్ పద్యాలు, జేమ్స్ హాగ్ రచనలు. ఈ హాగ్ ఆ లోయ కాపరే. 1770లో పుట్టాడు. బడికి వెళ్ళింది అంతా కలిపి ఆరు నెలలు. ఆ తరవాత గొర్రెలు కాస్తూ కవి అయ్యాడు. నాకు తెలిసి, బడి ఇంత తక్కువ నష్టం చేసిన కవులు అరుదు.

పొయ్యి పైన అరుగు మీద రెండు పింగాణీ కుక్కలు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కుండల బట్టీల్లో పుట్టిన ద్వారపాలకులు, జయవిజయులు. మెడలో బంగారు రంగు గొలుసు, మొహంలో జమీందారీ గాంభీర్యం. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గొర్రెని తోలిన పాపాన పోలేదు. అయినా ఇంట్లో వెచ్చని స్థానం వాటిదే. అసలు కుక్క తడిసి వచ్చి కింద రాతి నేల మీద పడుకుని, పైనున్న ఈ బంధువుల్ని చూస్తుంది. ఆ చూపులో ఏముందో ఏ ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని అడిగినా చెబుతాడు.

పాకవర్ణన మన పద్ధెనిమిదిలో లేదు. లక్షణకర్తలు వంటింట్లోకి వెళ్ళలేదన్నమాట. మనం వెళదాం. అక్కడి వంటచెరకు పీట్, అంటే బురదనేలలో కోసి ఎండబెట్టిన మట్టి గడ్డలు. అవి పొయ్యిలో మంట కంటే పొగ ఎక్కువా, మాట కంటే ఆలోచన ఎక్కువా అన్నట్టు కాలుతుంటాయి. పైన గోడకి బిగించిన ఇనుప చెయ్యి. దానికి వేలాడే నల్లటి గుండ్రటి కుండ. అందులో నీళ్ళు కుతకుతలాడగానే ఇల్లాలు ఎడమ చేత్తో ఓట్స్ పిండిని వానజల్లులా రాలుస్తూ, కుడి చేత్తో ‘స్పర్టిల్’ అనే కర్రతో కలియబెడుతుంది. ఎటు తిప్పాలన్నది పెద్ద విషయం. సూర్యుడు తిరిగే వైపే తిప్పాలి. అపసవ్యంగా తిప్పితే అరిష్టం. ఆ పిండి ఎలాంటిదనుకున్నారు! మర నుంచి వచ్చిన నాడు పెద్ద కొయ్యపెట్టెలో పోసి, పిల్లల కాళ్ళు శుభ్రంగా కడిగి అందులోకి దింపి తొక్కించిన పిండి. సందు లేకుండా గట్టిపడితే పురుగు పట్టదట. బలిచక్రవర్తి నెత్తిన మోపిన పాదంతో సమానం ఆ పాదాలు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ వాటి కింద నలిగిన పిండే తినాలి.

జావ సిద్ధమయ్యాక దానికి బహువచనం వస్తుంది. స్కాట్లండ్ పల్లెల్లో పారిడ్జ్‌ని ‘అది’ అనరు, ‘అవి’ అంటారు. ‘అవి చల్లారిపోతున్నాయి, తినండి’ అంటుంది ఇల్లాలు. మనం పెద్దవాళ్ళకి గౌరవ బహువచనం వాడితే వాళ్ళు జావకి వాడారు. ఎవరి దైవం వాళ్ళది. చెమ్చాతో వేడివేడి జావ తీసుకుని, పక్కనున్న చల్లటి పాల గిన్నెలో ముంచి తినాలి. పంచదార అడిగినవాణ్ణి ఇంగ్లీషువాడేమోనని అనుమానిస్తారు.

ఇక సేనాధిపతి. నలుపూ తెలుపూ కలిసిన కోలీ కుక్క. ధనుస్సు లేదు, కళ్ళే ఆయుధం. నేలకి కరుచుకుని, ముందుకాలు ఒకటి గాలిలో ఆపి అది చూసే చూపుకి ముప్ఫై గొర్రెలు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతాయి. రెండు మైళ్ళ కొండవాలు మీద కాపరి ఈల వేస్తే కుడి, ఎడమ, ఆగు, రా అన్నవి విడివిడిగా అర్థమవుతాయి దానికి. అదే ఈల ఇంటి పిల్లల మీద పనిచెయ్యదు. 1837లో, అంటే విక్టోరియా గద్దెనెక్కిన ఏడాదే, లాండ్‌సీర్ అనే చిత్రకారుడు కాపరి శవపేటిక మీద తల ఆన్చి దుఃఖిస్తున్న కుక్క బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి లండన్ కళ్ళు తుడుచుకుంది. తరవాత మహారాణే బాల్మొరల్ కోటలో కోలీలని పెంచడంతో అవి ఫ్యాషన్ అయ్యాయి. మన సేనాధిపతికి ఈ కీర్తి గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ముందు జావ గిన్నె నాకడానికి వెళ్ళేది.

ఆదివారం కాపరులతో పాటు కుక్కలూ చర్చికి వెళ్ళేవి. ప్రసంగం గంటల తరబడి సాగుతుంటే బల్లల కింద పడుకునేవి. చివరి ఆశీర్వచనానికి జనం లేచి నిలబడడం ఆలస్యం, ఇక ఇంటికేనని అవన్నీ ఒక్కసారిగా లేచి మొరుగుతూ వాకిలికి పరిగెత్తేవి. దానికి కొన్ని ఊళ్ళల్లో ఒక తంత్రం కనిపెట్టారు: ఆశీర్వచనం అయ్యేదాకా అందరూ కూర్చునే ఉండడం, కుక్కల్ని మోసగించడం. కొత్తగా వచ్చిన పాదిరీ జనం ఇంకా లేవలేదేమిటని అయోమయంగా చూస్తుంటే, ఇది కుక్కల కోసం, మీరు కానివ్వండని సభలోంచే ఎవరో అన్నారని కథ. 1843లో పాదిరీని నియమించే హక్కు జమీందారుదా జనానిదా అన్న తగువులో 450 మందికి పైగా పాదిరీలు స్కాట్లండ్ చర్చిని వదిలి బయటికి నడిచారు. కుక్కలు ఏ పక్షం వహించాయో చరిత్రకారులు రాయలేదు. కాపరి ఎటు వెళితే అటే వెళ్ళి ఉంటాయి. మొత్తం వివాదంలో స్థిరమైన సిద్ధాంతం వాటిదే.

ఇప్పుడు పట్టాభిషేకం. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో సార్వభౌముణ్ణి ఒక బల్ల మీద పడుకోబెడతారు. రష్యాలో ఆర్ఖాంగెల్స్క్ నుంచి ఓడలో వచ్చిన తారుని, తినడానికి పనికిరాని చౌక వెన్నతో కలిపి కాచి గిన్నెల్లో సిద్ధం చేస్తారు. కాపరి బల్ల మీద రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుని, ఉన్నిని చెంపల దగ్గర నుంచి తోక దాకా పాపిడి తీస్తాడు. ఆ పాపిడిలో చూపుడువేలితో తారువెన్న పూస్తాడు. పక్కన ఇంకో పాపిడి. దాని పక్కన ఇంకొకటి. ఒళ్ళంతా. పెళ్ళికూతురికి కూడా ఇంత ఓపిగ్గా తల దువ్వరు. రోజంతా వంగి చేస్తే ఒక మనిషికి సుమారు ఇరవై గొర్రెలు అవుతాయి. పేలు, పిడుదులు, గజ్జి పట్టకుండా, వాన చర్మం దాకా దిగకుండా ఇది కవచం. కర్ణుడిది సహజకవచం, దీనిది కంపుకొట్టే కవచం. కాపరి గోళ్ళల్లో తారు క్రిస్మస్ దాటినా పోదు. ఆ కంపుకి ఇల్లాలు ఆయన్ని గుమ్మం బయటే ఆపి, చేతులు కడుక్కునిరమ్మని నీళ్ళు తోసేది. కడిగితే పోయే సువాసన కాదని ఇద్దరికీ తెలుసు. 1852లో విలియం కూపర్ అనే పశువైద్యుడు ఇంగ్లండులో పాషాణమూ గంధకమూ కలిపిన పొడిని అమ్మకానికి పెట్టాడు. నీళ్ళల్లో కలిపి గొర్రెని ముంచి తీస్తే చాలు. ఆ పొడి కొండలెక్కి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది గాని, వచ్చాక ఈ అభిషేకం కొన్ని దశాబ్దాల్లోనే మాయమైంది. దానికోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. నేనూ పెట్టను.

నవంబరు 22 ప్రాంతంలో పొట్టేళ్ళని మందలోకి వదులుతారు. వివాహమూ రతోత్సవమూ అదే. వర్ణన రెండింటికీ ఒక్కటే చాలు, అదీ తలుపు వేసి. 147 రోజులు లెక్కపెట్టుకుంటే ఏప్రిల్ 18. అంటే మేషసార్వభౌముని పంచాంగం ఏ సిద్ధాంతి లేకుండానే కుదిరింది.

సూర్యోదయ వర్ణనకి డిసెంబరులో అట్టే అవకాశం ఉండదు. ఎనిమిదిన్నర దాటాక వచ్చిన సూర్యుడు నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. ఉద్యానవిహారమంటే ఇంటి వెనక కేల్ ఆకుకూర మడి. కుందేలు విహరించి పోయింది. ద్యూతవర్ణన కుదరదు, ఆ ఇంట్లో పేకాట దైవద్రోహం.

యుద్ధం మాత్రం నిజంగా ఉంది, మంచుతో. కొండల మీద గుండ్రటి రాతి దొడ్లు కట్టారు, ‘స్టెల్’ అంటారు. మూలలు లేని గోడ కాబట్టి గాలి చుట్టూ తిరిగి మంచుని బయటే పోగుచేస్తుంది, లోపల గొర్రెలు బతుకుతాయి. లోపలికి చేరలేనివి మంచుకింద కూరుకుపోతే, కుక్క ముక్కుతో పసిగడుతుంది, కాపరి పొడుగాటి కర్రతో పొడిచి వెతుకుతాడు. వారాల తరవాత కూడా తమ ఉన్ని తామే కొరుక్కు తిని బతికి బయటపడ్డవి ఉన్నాయి. 1794 జనవరి 24 రాత్రి వచ్చిన తుపాను సంగతి హాగ్ రాసిపెట్టాడు. పదిహేడు మంది కాపరులు పోయారు. నదులు పొంగి మోసుకొచ్చి సాల్వే తీరంలో మేట మీద పడేసిన కళేబరాల లెక్క ఇది: 1840 గొర్రెలు, 9 పశువులు, 3 గుర్రాలు, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి, 45 కుక్కలు, 180 కుందేళ్ళు. ఏ భారతయుద్ధం చివర్లోనూ కుందేళ్ళని లెక్కపెట్టలేదు. మన ఇంట్లో ఈ లెక్కని తాతలు పొయ్యి దగ్గర చెబుతారు, పిల్లలు కుందేళ్ళ దగ్గర నోరు తెరుస్తారు.

కుమారోదయం ఏప్రిల్‌లో, సాధారణంగా వడగళ్ళతో. కాపరి కంబళి మూలలో తడిసిన పిల్లని వేసుకుని వస్తాడు. పొయ్యి దగ్గర బుట్టలో అప్పటికే మూడు ఉంటాయి. ఇల్లాలు వెచ్చటి ఆవుపాలు తాగిస్తుంది. పెద్దపిల్ల వాటికి పేర్లు పెడుతుంది, తల్లి వద్దంటుంది, ఎందుకొద్దో అక్టోబరులో తెలుస్తుంది. తల్లి చచ్చిన పిల్ల ఒకటి, పిల్ల చచ్చిన తల్లి ఒకటి మిగిలితే కాపరి మాయ పన్నుతాడు. చచ్చిన పిల్ల చర్మం ఒలిచి, అనాథకి చొక్కాలా తొడిగి ఆ తల్లి దగ్గరికి తోస్తాడు. అది తోక దగ్గర వాసన చూస్తుంది. ఒకసారి తన్నుతుంది. మళ్ళీ చూస్తుంది. ఆ తరవాత పాలు తాగనిస్తుంది. పురాణాల్లో వేషాలు చాలా చూశాం. వాటిల్లో సగం మోసానికే. ఇది కూడా మోసమే.

సముద్రవర్ణనా జలక్రీడా ఒకేచోట కుదిరాయి. జూన్‌లో వాగుకి అడ్డుకట్ట వేసి మడుగు చేస్తారు. గట్టు మీంచి గొర్రెల్ని ఒక్కొక్కటిగా నీళ్ళల్లోకి దూకిస్తారు. మొదటిది దూకడమే కష్టం. తరవాత గొర్రెదాటు తన ధర్మం తాను నిర్వర్తిస్తుంది. వారం పది రోజులకి ఉన్ని ఆరాక కోత. చుట్టుపక్కల కాపరులంతా వస్తారు. ఇవాళ మన ఇంట్లో, ఎల్లుండి వాళ్ళింట్లో. కత్తెరల చప్పుడు, ఆడవాళ్ళు ఉన్ని చుట్టలు కట్టడం, మరిగిన తారుతో యజమాని అక్షరం ముద్ర వేయడం, ఇల్లాలు ఇరవై మందికి మాంసం కూరా, రొట్టే, టీ. విస్కీ కూడా. మధుపానం ఇంతటితో సరి. కోత అయ్యాక జరిగే రంగం ఏ నాటకంలోనూ లేదు. బోడిగా బయటికొచ్చిన తల్లిని పిల్ల గుర్తుపట్టదు. అరుపు అమ్మదే, మనిషి అమ్మ కాదు. కొండంతా ‘అమ్మా’, ‘నేనే’ అన్న రెండు మాటలతో సాయంత్రం దాకా దద్దరిల్లుతుంది.

విప్రలంభం ఆగస్టులో. పాలు మాన్పించడానికి పిల్లల్ని వేరే లోయకి తోలతారు. రెండు మూడు రాత్రులు ఇటు నుంచి తల్లులు, అటు నుంచి పిల్లలు. ఆ రాత్రుల్లో ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ప్రయాణం సెయింట్ బాస్వెల్స్ సంతకి, జులై 18న. పిల్లలకి అక్కడ చూడ్డానికి ప్రపంచమంతా ఉంటుంది. ఉన్ని మాత్రం సెల్‌కర్క్, గాలషీల్స్ మిల్లులకి పోతుంది. 1856 నుంచి సెల్‌కర్క్ దాకా రైలే ఉంది. అక్కడ నేసే గుడ్డ పేరు స్కాట్స్‌లో ‘ట్వీల్’. లండన్‌లో ఎవరో గుమాస్తా దాన్ని ‘ట్వీడ్’ అని చదివాడని, ఆ పేరు నది పేరు కూడా కావడంతో అందరికీ నచ్చి నిలిచిపోయిందని కథ. గుమాస్తా పొరపాటు వల్ల లోకానికి ఒక మంచి మాట దక్కిన సందర్భాలు తక్కువే.

మిగిలింది నాయకాభ్యుదయం. అక్టోబరులో కాపరి గొర్రెల నోళ్ళు తెరిచి పళ్ళు చూస్తాడు. అయిదారు ఈతలయ్యాక పళ్ళు అరిగిన గొర్రెకి కొండ గడ్డి సాగదు. దాన్ని దిగువ పొలాలకి అమ్మేస్తారు. ఇంటి కోసం ఉంచుకున్న ఒక ముసలిదాన్ని మాత్రం కోస్తారు. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఉల్లిపాయ, కొవ్వు, పిల్లల పాదాలు తొక్కిన ఆ ఓట్స్ పిండే కలిపి, దాని పొట్టసంచిలోనే కూరి ఉడికిస్తారు. ఏడాదంతా పరివారాన్ని పరిగెత్తించిన సార్వభౌముడు చివరికి జావతో ఏకమై పళ్ళెంలోకి వస్తాడు. దాని పేరు హాగిస్. పళ్ళెం మీద పొగలు కక్కుతున్న ఆ గుండ్రటి శోభని వర్ణించి కావ్యం ముగిద్దామనే కలం తీశాను. కాని ఆ వంటకాన్ని మహావీరుడి మర్యాదతో పొగుడుతూ బర్న్స్ 1786లోనే పద్యం అచ్చువేయించాడు, మన ఇంటి అల్మరాలో ఉన్న పుస్తకంలోనే ఉంది. ఆయన చెయ్యి పెట్టిన పళ్ళెంలో నేను పెట్టను.